బర్‌ఫర్డ్ చర్చి నిజంగా 12వ శతాబ్దానిదేనా? పాత ఇంగ్లిష్ చర్చి వయసు ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతానికి వెళ్లారు. బర్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చి చూశారు. 12వ శతాబ్దం నాటిదని చదివి లోపలికి వెళ్తే ఒక ఆర్చ్ గుండ్రంగా, పక్కది కోసుగా, కిటికీలు ఒక్కో వైపు ఒక్కో రకంగా కనిపించాయి. గోడలేమో బోసిగా ఉన్నాయి. "ఇది నిజంగా అంత పాతదా, లేక తర్వాత కట్టి పాతదని చెప్పుకుంటున్నారా? మనలాంటి వాళ్లకి చూస్తే ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. నేల మీది సమాధి రాళ్లు తొక్కవచ్చా అన్న మీ నాన్నగారి సందేహం కూడా రాశారు.

సూటిగా చెప్తాను. అబద్ధం ఏమీ లేదు. 12వ శతాబ్దం అక్కడ ఉంది, కానీ ప్రధానంగా మధ్య టవర్ కింది భాగంలోనూ పడమటి వాకిలి చుట్టూనూ ఉంది. మీరు చూసిన దాంట్లో సింహభాగం 15వ శతాబ్దపు పని. గోడలు బోసిపోవడం 16వ శతాబ్దంలో మొదలైంది, 19వ శతాబ్దంలో మరికొంత జరిగింది. ఇంగ్లండ్‌లో పాత పారిష్ చర్చికి, అంటే ఊరి చర్చికి, ఒకే వయసు ఉండదు. గోడ వయసు గోడది, కిటికీ వయసు కిటికీది. ఇంకో మాట: "ఎప్పుడు కట్టారు" అనే ప్రశ్న పక్కన "ఈ ముక్కకి డబ్బు ఎవరు పెట్టారు" అనే ప్రశ్న కూడా వేసుకోండి. గందరగోళంగా కనిపించింది చాలావరకు అప్పుడు విడిపోతుంది.

నేను పాత కట్టడాల రిపేరు చేయించే ఆర్కిటెక్ట్‌ని. మొదట్లో హైదరాబాద్‌లో సున్నపు పనుల దగ్గర నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇక్కడికి వచ్చి ఎక్కువగా పల్లెటూరి చర్చిల మీదే పని చేస్తున్నాను. కాబట్టి నేను చెప్పేది చరిత్ర ప్రొఫెసర్ మాట కాదు, పరంజా ఎక్కి చూసేవాడి మాట.

మనవాళ్లు తికమక పడటానికి కారణం ఉంది. చర్చి అనగానే చాలామందికి గుర్తొచ్చేది మెదక్. అది 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన కట్టడం. ఒక ప్లాను, ఒక ఆర్కిటెక్టు, ఒకటే ధోరణి. ఆ కళ్లతో బర్‌ఫర్డ్ చూస్తే అతుకుల బొంతలాగే ఉంటుంది. ఇక గుళ్ల దగ్గర మనకి శాసనం వెతకడం అలవాటు. వేయిస్తంభాల గుడి శాసనం 1163 అని చెప్తుంది, అక్కడితో వాదన అయిపోతుంది. ఇంగ్లండ్ పారిష్ చర్చిల్లో అలాంటి రాత చాలా అరుదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని జారోలో 685 ఏప్రిల్ 23న ప్రతిష్ఠ జరిగిందని చెప్పే రాయి ఉంది గానీ, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా చోట్ల రాయిని చూసి ఊహించుకోవాల్సిందే, లేదా వీలునామాల్లో "టవర్ పనికి ఇంత ఇస్తున్నాను" అని ఎవరైనా రాసి ఉంటే దాన్ని పట్టుకోవాల్సిందే.

డబ్బు ఎవరిది?

చర్చిలో తూర్పు చివర బలిపీఠం ఉండే భాగాన్ని చాన్సెల్ అంటారు. జనం నిలబడే పెద్ద హాలు నేవ్. దానికి అటూ ఇటూ ఉండే వసారాలు ఐల్స్. 13వ శతాబ్దానికే ఇంగ్లండ్‌లో ఒక ఆనవాయితీ స్థిరపడింది: చాన్సెల్ మరమ్మతు రెక్టర్ బాధ్యత, నేవ్ మరమ్మతు ఊరి జనం బాధ్యత. రెక్టర్ అంటే ఊరి పంటలో పదో వంతు తీసుకునేవాడు. చాలా ఊళ్లలో ఆ రెక్టర్ మనిషి కూడా కాదు, ఎక్కడో దూరాన ఉన్న ఒక మఠం. ఆదాయం మఠానికి వెళ్లేది, పూజలు చేయడానికి తక్కువ జీతం మీద ఒక వికార్ ఉండేవాడు.

దీని ఫలితం మీరే చూడవచ్చు. ఏ పల్లెకైనా వెళ్లి చర్చిని దక్షిణం వైపు నుంచి చూడండి. చాన్సెల్ పొట్టిగా, వాలు కప్పుతో, 13వ శతాబ్దపు సన్నటి కిటికీలతో అలాగే ఉండిపోయి, నేవ్ మాత్రం ఎత్తుగా, పెద్ద పెద్ద కిటికీలతో 15వ శతాబ్దంలో తిరగరాసినట్టు ఉంటే, కథ ఇదే. మఠం చేతి చమురు వదిలించుకోవడానికి ఇష్టపడలేదు, ఊళ్లో మాత్రం డబ్బు పుట్టింది. తిరగబడి ఉన్న చోట్లూ ఉన్నాయి. చాన్సెల్ అద్భుతంగా ఉండి నేవ్ సాదాగా ఉంటే, ఏదో ఒక కాలంలో స్థోమత గల రెక్టర్ తగిలాడని అర్థం.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో ఒక దంపతులకి సంక్రమించిన పొలంతో పాటు చాన్సెల్ మరమ్మతు బాధ్యత కూడా వచ్చింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 2003లో తీర్పు వాళ్లకి వ్యతిరేకంగా వచ్చింది, కట్టాల్సిన మొత్తం 1,80,000 పౌండ్లు దాటింది. ఆ తర్వాతే 2013 అక్టోబర్ నుంచి రూలు మారింది: ఈ బాధ్యత భూమి రిజిస్టర్‌లో నమోదు కాకపోతే కొత్తగా కొన్నవాళ్ల మీద పడదు. మీలో ఎవరైనా ఇక్కడ పాత ఊళ్లో ఇల్లు కొంటుంటే లాయరు "చాన్సెల్ సెర్చ్" అని ఓ చిన్న ఫీజు వేసేది దీనికే.

ఇప్పుడు బర్‌ఫర్డ్‌కి వద్దాం

బయట నిలబడి టవర్‌ని కింది నుంచి పైకి చూడండి. కింది అంతస్తులో గుండ్రటి నార్మన్ ఆర్చ్‌లు (ఇక్కడ ఉన్నవాటిలో అతి పాత ధోరణి, దాని సంగతి తర్వాత చెప్తాను). దాని పైన రాతి పని తీరు మారిపోతుంది, కోసు ఆర్చ్‌లు వస్తాయి, ఆ పైన సన్నగా స్పైర్, అంటే మొనదేలిన శిఖరం, లేస్తుంది. కిందిది 12వ శతాబ్దం రెండో సగం, పైది 15వ శతాబ్దం. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్ల తేడా, అదీ ఒకే టవర్‌లో.

ఆ మూడు వందల ఏళ్లలో ఏం జరిగింది? ఉన్ని వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. కాట్స్‌వోల్డ్ గొర్రెల ఉన్ని ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) దాకా, ఇటలీ దాకా వెళ్లేది. బర్‌ఫర్డ్ వర్తకులకి సంఘం ఉండేది, ఇంగ్లండ్‌లో అతి పాత వర్తక సంఘాల్లో అదొకటి. వాళ్లు 1200 ప్రాంతంలో చర్చి ఆవరణలోనే నైరుతి మూల విడిగా తమ సొంత చాపెల్ (చిన్న ప్రార్థన గది) కట్టుకున్నారు. 15వ శతాబ్దంలో చర్చిని పెంచుకుంటూ వచ్చి దాన్ని కూడా కలిపేసుకున్నారు. మీకు లోపల ఆ వైపు లెక్క కుదరనట్టు అనిపించి ఉంటే కారణం అదే. అది మొదట్నుంచీ చర్చిలో భాగం కాదు, వేరే యజమానుల గది.

దక్షిణం వైపు మీరు లోపలికి వచ్చిన పోర్చ్ చూశారు కదా. మూడంతస్తులు! వానకి తల దాచుకోవడానికి మూడంతస్తులు ఎవరూ కట్టరు. అప్పట్లో పోర్చ్ అంటే ఊరి వ్యవహారాల చావడి. పెళ్లి ప్రమాణాలు అక్కడే, బాకీల ఒప్పందాలు అక్కడే. డబ్బున్న వర్తకులు తమ డబ్బు నలుగురికీ కనిపించే చోట పెట్టారు. తలెత్తి చూస్తే కప్పు మీద విసనకర్రలా విచ్చుకున్న రాతి పని ఉంటుంది, దాన్ని ఫ్యాన్ వాల్ట్ అంటారు. ఆ పని మొదట పెద్ద ఎత్తున చేసింది ఇక్కడికి పడమరగా ఉన్న గ్లాస్టర్ మఠంలో, 14వ శతాబ్దంలో.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్ చర్చి రోమ్ పోప్ నుంచి విడిపోయింది, ఆ క్రమంలో సంఘాలు రద్దయ్యాయి, మఠాలు పోయాయి. ఇక ఖర్చు పెట్టింది పెద్ద కుటుంబాలు. పెట్టింది తమ సమాధుల మీద. ఎనిమిదో హెన్రీ రాజుకి క్షౌరం చేసిన ఎడ్మండ్ హార్మన్ 1569లో, ఇంకా బతికుండగానే, తన స్మారకం చెక్కించుకున్నాడు. దాని మీద అమెరికా ఖండపు మూలవాసుల బొమ్మలున్నాయి. ఇంగ్లండ్‌లో అలాంటివి అతి పాత వాటిలో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. ఆ తర్వాత లారెన్స్ టాన్‌ఫీల్డ్ అనే జడ్జి. ఊళ్లో ఎవరికీ ఇష్టం లేని మనిషి. 1625లో పోయాడు. చాన్సెల్ పక్క చాపెల్‌ని ఆయన భార్య ఎవరి అనుమతీ అడక్కుండా ఆక్రమించి 1628లో ఆ భారీ సమాధి కట్టించింది. పైన పట్టుబట్టల్లో దంపతులు పడుకుని ఉంటారు. కొంచెం వంగి అడుగున చూడండి, అక్కడ ఒక అస్థిపంజరం చెక్కి ఉంటుంది. చాలామంది వంగరు, చూడకుండానే వెళ్లిపోతారు.

పైసా ఖర్చు పెట్టకుండా మిగిలిపోయిన పేరు కూడా ఒకటి అక్కడుంది. 1649 మే నెలలో, రాజుని ఓడించిన పార్లమెంటు పక్షపు క్రామ్‌వెల్ సైన్యంలోనే జీతాల కోసం, హక్కుల కోసం తిరగబడ్డ లెవెలర్స్ అనే సిపాయిలను, సుమారు 340 మందిని, పట్టుకొచ్చి ఈ చర్చిలో బంధించారు. మే 17న ముగ్గురిని ఆవరణలో కాల్చి చంపారు. లోపల ఉన్నవాళ్లలో ఒకడు బాప్తిస్మపు తొట్టిలో పరిచిన సీసపు రేకు మీద "ఆంటొనీ సెడ్లీ 1649 ఖైదీ" అని గీశాడు. సీసం మెత్తటిది, చిన్న మొనతోనే గీత పడుతుంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఖైదీ అన్న మాటకి స్పెల్లింగ్ కూడా సరిగా లేదు. పక్కవాటంగా వెలుతురు పడితే బాగా కనిపిస్తుంది. నన్నడిగితే టాన్‌ఫీల్డ్ సమాధి దగ్గర రెండు నిమిషాలు, ఆ తొట్టి దగ్గర పది నిమిషాలు నిలబడమంటాను.

కిటికీల లెక్క, దానిలో ఉన్న మోసం

చర్చి కాలం చెప్పడానికి అందరూ వాడే పేర్లు నాలుగు: నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్. ఈ పేర్లు ఇచ్చింది థామస్ రిక్‌మన్, 1817లో. ఆయన అప్పటికి లివర్‌పూల్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు గుమస్తా! సెలవుల్లో కాలినడకన తిరుగుతూ చర్చిలు కొలిచి, గీసి, తేడాలు పట్టుకున్నాడు. డిగ్రీ లేదని సందేహించే వాళ్లకి ఈ మాట చెప్తుంటాను.

సుమారుగా 1190 దాకా నార్మన్: చిన్న కిటికీ, గుండ్రటి తల, లోపలివైపు గోడ వెడల్పుగా చెక్కి ఉంటుంది, వచ్చే కాస్త వెలుతురూ గదంతా పరుచుకోవాలని. ఆ తర్వాత 1250, 1270 దాకా ఎర్లీ ఇంగ్లిష్: ఎత్తుగా, సన్నగా, కోసు తలతో, తరచు మూడేసి కిటికీలు పక్కపక్కన. ఆ మూడింటినీ ఒకే ఆర్చ్ కిందికి తెచ్చి, పైభాగంలో రాతి కడ్డీలతో వలయాలు అల్లడం మొదలుపెడితే డెకరేటెడ్. అది 1350 దాకా, చివర్లో వంపులు అగ్నిజ్వాలల్లా తిరుగుతాయి. ఆ తర్వాతిది పర్పెండిక్యులర్: నిలువు కడ్డీలు కింది నుంచి పైకి సూటిగా వెళ్లి ఆర్చ్‌ని తగులుతాయి. గోడలో ఎక్కువ భాగం గాజే. 1348-49 ప్లేగులో జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారు. ఎన్నో చర్చిల పని మధ్యలో ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి ధోరణి ఇలా మారిపోయి ఉంది.

ఇంతవరకు ఏ గైడ్ పుస్తకంలోనైనా ఉంటుంది. నా వంతు హెచ్చరిక: కిటికీ వయసు గోడ వయసు కాదు. కిటికీ మార్చడం తేలిక, గోడ మార్చడం కష్టం. 12వ శతాబ్దపు గోడకి 15వ శతాబ్దంలో కన్నం కొట్టి పెద్ద కిటికీ పెట్టడం మామూలు విషయం. అందుకని కిటికీని చూసి "గోడ ఇంతకంటే కొత్తది కాకపోవచ్చు" అనుకోండి, అంతవరకే. పైగా విక్టోరియన్ కాలంలో, అంటే 19వ శతాబ్దంలో, పాత నమూనా పెట్టి కొత్త కిటికీలు బోలెడు చెక్కారు. అంచులు మరీ పదునుగా, రాళ్లన్నీ ఒకే రంగులో, ఎక్కడా అరుగుదల లేకుండా కనిపిస్తే అనుమానించండి. అప్పుడు లోపలికి వెళ్లి అదే కిటికీ వెనక ఆర్చ్ చూడాలి. బయట ముఖం మార్చినా, లోపలి ఆర్చ్‌ని చాలాసార్లు అలాగే వదిలేశారు.

నేనైతే కిటికీల కంటే ముందు రాతి ముఖం చూస్తాను. ఫోన్ టార్చ్‌ని గోడకి దాదాపు ఆనించి, పక్కవాటంగా వేయండి. ఐమూలగా, ఒకదాని పక్కన ఒకటి పొడవాటి గాట్లు కనిపిస్తే అది గొడ్డలితో చెక్కిన రాయి, చాలావరకు నార్మన్ పని. గాట్లు నిలువుగా, సన్నగా, క్రమంగా ఉంటే వెడల్పు ఉలి పని, 12వ శతాబ్దం చివరి నుంచి ఇటు. ఇది మన ఊహ కాదు. 1174లో కాలిపోయిన కాంటర్‌బరీ కథీడ్రల్‌ని మళ్లీ కట్టినప్పుడు అక్కడే ఉన్న జర్వేస్ అనే సన్యాసి, పాత చెక్కడం గొడ్డలితో చేశారని, కొత్తది ఉలితో చేశారని రాసిపెట్టాడు. కళ్లారా చూసినవాడి సాక్ష్యం.

తర్వాత గోడలో నిలువు గీత వెతకండి. మామూలుగా రాళ్లు ఒక వరుస మీద ఇంకో వరుస పట్టేటట్టు పేరుస్తారు. అలా కాకుండా కింది నుంచి పైదాకా ఒకే నిలువు అతుకు ఉంటే, అక్కడ ఒక కట్టడం ముగిసి ఇంకోటి మొదలైంది. ఒక చర్చిలో పాత వాన గొట్టం మార్చడానికి తీస్తే దాని వెనకే అలాంటి అతుకు బయటపడింది. ఐల్ మొదట సగం పొడవే ఉండేదని, తర్వాత పొడిగించారని అప్పుడు తేలింది. ఊరివాళ్లు తరతరాలుగా ఆ గొట్టం పక్క నుంచే లోపలికి వెళ్తున్నారు. పడమట టవర్ ఉన్న చర్చి అయితే టవర్ తూర్పు ముఖం మీద తలకిందులు చేసిన వి ఆకారపు గుర్తు ఉందేమో చూడండి. అది పాత నేవ్ వాలు కప్పు ఆనిన చోటు. 15వ శతాబ్దంలో గోడలు పెంచి, పైన కిటికీల వరుస పెట్టి, సీసపు రేకుతో చదును కప్పు వేసినప్పుడు ఆ గుర్తు మిగిలిపోయింది.

దక్షిణపు వాకిలి పక్క రాళ్లని తడమండి. వేలి కొన పట్టేంత కన్నం, దాని నుంచి కిందికి విచ్చుకున్న గీతలు కనిపిస్తే అది నీడ గడియారం. కన్నంలో పుల్ల పెడితే నీడ ఏ గీత మీద పడిందో చూసి ప్రార్థన వేళ తెలుసుకునేవారు. కొన్నిటి మీద ఒక గీత మిగతా వాటికంటే లోతుగా ఉంటుంది, ముఖ్యమైన ప్రార్థన వేళ అదన్నమాట. ఇలాంటి గీతలకి ఏ బోర్డూ ఉండదు.

గోడలు ఎందుకు బోసిగా ఉన్నాయి

మొదట అలా లేవు. 1500లో ఈ చర్చిలోకి వచ్చిన మనిషికి ఎటు చూసినా రంగులే. గోడల మీద సాధువుల బొమ్మలు, చాన్సెల్ ఆర్చ్ పైన అంతిమ తీర్పు చిత్రం, దాని ముందు చెక్క తెర, తెర మీద సిలువ. ఆ తెర పైకి ఎక్కడానికి గోడలో ఇరుకు మెట్లు ఉండేవి. ఇప్పుడు చాలా చర్చిల్లో తెర లేదు, మెట్లు మాత్రం గాల్లోకి తెరుచుకుని మిగిలాయి. చిన్నపిల్లలుంటే ఆ మెట్లు వెతకమనండి, బాగా ఆడుకుంటారు.

ఆరో ఎడ్వర్డ్ పాలనలో, 1547 నుంచి, విగ్రహాలు తీసేయమని ఆజ్ఞలు వచ్చాయి. గోడలకి సున్నం కొట్టి పైన బైబిల్ వాక్యాలు రాశారు. నూరేళ్ల తర్వాత 1643-44లో విలియం డౌసింగ్ అనే ఆయన కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్ చర్చిలు తిరుగుతూ మిగిలిన బొమ్మలు, గాజులు పగలగొట్టించి, ఏ ఊళ్లో ఎన్ని అని డైరీ కూడా రాసుకున్నాడు.

సున్నం ఒక రకంగా మేలే చేసింది. సఫోక్‌లోని వెన్‌హాస్టన్‌లో 1892లో రిపేరు చేస్తూ, చాన్సెల్ ఆర్చ్‌లో ఉన్న వెల్ల వేసిన పాత చెక్క పలకలు పీకి ఆవరణలో పడేశారు. ఆ రాత్రి వాన కురిసింది. తెల్లారేసరికి సున్నం కొట్టుకుపోయి అంతిమ తీర్పు చిత్రం బయటపడింది. ఇప్పుడు అది అదే చర్చిలో గోడకి వేలాడుతోంది.

ఆ తర్వాతి దెబ్బ ప్రేమతో కొట్టినది. విక్టోరియన్లు చర్చిని "అసలు రూపానికి" తెస్తామని ప్లాస్టర్ గీకేశారు, నేల మార్చారు, తమకి నచ్చని శతాబ్దాలను తీసేశారు. బర్‌ఫర్డ్‌లో జి.ఇ. స్ట్రీట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో 1870లలో ఈ పని జరుగుతుండగా, దగ్గర్లోనే కెల్మ్‌స్కాట్‌లో ఇల్లున్న కవి, డిజైనర్ విలియం మారిస్ 1876లో చూసి మండిపడ్డాడు. మరుసటి ఏడు, 1877లో, పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. తర్వాత ఒకసారి ఆయన వెళ్లి నిలదీస్తే, "చర్చి నాది, కావాలంటే ఇందులో తలకిందులుగా నిలబడతా" అన్నట్టు వికార్ బదులిచ్చాడని చెప్పుకుంటారు. మా వృత్తిలో ఇప్పటికీ నడిచే సూత్రం, పాతదాన్ని కొత్తగా చేయకు, పాడవకుండా చూడు అనేది, ఆ సంఘం నుంచి వచ్చిందే. అయితే విక్టోరియన్లను తిట్టడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. వాళ్లు కప్పులు వేయకపోతే, పునాదులు చూసుకోకపోతే ఈపాటికి వేలాది చర్చిలు మొండి గోడలే. నాకు వాళ్ల మీద కోపం ప్లాస్టర్ విషయంలో మాత్రమే.

ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు

మనవాళ్లు ఇక్కడా పురావస్తు శాఖ లాంటిది ఏదో చూసుకుంటుందని అనుకుంటారు. కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి దాదాపు 16,000 చర్చిలు ఉంటే అందులో 12,000కి పైగా చట్టం రక్షించే లిస్టెడ్ కట్టడాలు. వాటి రిపేరు ఖర్చు మాత్రం ఆ ఊరి సంఘానిదే. ఆదివారం ఇరవై మంది వచ్చే పల్లె మీద కప్పు రిపేరు బిల్లు పడితే అంతే సంగతులు. గ్రాంట్లు ఉన్నాయి, లాటరీ నిధి ఉంది, కానీ అప్లికేషన్ రాసేది కూడా ఆ ఇరవై మందిలో ఒక రిటైరైన మనిషే. జనం లేక మూతబడ్డ వాటిలో మూడు వందల యాభైకి పైగా చర్చిలను 1969లో మొదలైన ఒక ట్రస్ట్ చూసుకుంటోంది. వాటిలోకి ఎవరైనా ఊరికే వెళ్లవచ్చు.

1955 చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం ప్రతి చర్చిని అయిదేళ్లకోసారి ఆర్కిటెక్ట్ గానీ సర్వేయర్ గానీ తనిఖీ చేయాలి. నాకు కూడు పెట్టేది ఆ పనే. చెప్పుకోదగ్గ మార్పు ఏది చేయాలన్నా సాధారణంగా డయాసిస్ (బిషప్ పరిధిలోని చర్చిల మండలం) న్యాయాధికారి అనుమతి కావాలి. తనిఖీలో నేను మొదట చూసేది శిల్పాలు కాదు, గట్టర్లు. "గోడ పగిలింది, కొంప మునిగింది" అని టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తారు. వెళ్తే కాకుల గూడు గొట్టంలో అడ్డుపడి, నీళ్లు గోడలోకి దిగి ఉంటాయి. నిచ్చెన, చేతి తొడుగులు, అరగంట.

రెండోది సిమెంట్. పాత గోడ సున్నపు మాలుతో కట్టింది. సున్నం రాయి కంటే మెత్తన, చెమ్మ అతుకుల్లోంచి బయటికి ఆవిరైపోతుంది. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే చాలా చోట్ల సిమెంట్‌తో అతుకులు పూడ్చారు. చెమ్మ దారి మూసుకుని రాయిలోంచి రావడం మొదలైంది, చలికాలం గడ్డకట్టి రాతి ముఖం పొరలు పొరలుగా ఊడింది. అతుకులు ముందుకి పొడుచుకొచ్చి, రాళ్లు లోపలికి గుంటలు పడిన గోడ కనిపిస్తే అదే జబ్బు. హైదరాబాద్‌లో డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం కలిపే మేస్త్రీల దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, మాలు రాయి కంటే గట్టిగా ఉండకూడదనేది. ఇక్కడ కరక్కాయ లేదు గానీ ఆ పాఠం మారలేదు. మారింది వాతావరణమే. అక్కడ ఎండకి ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కప్పేవాళ్లం, ఇక్కడ మంచు కొట్టకుండా కూడా కప్పాలి. అందుకే చలికాలంలో సున్నపు పని పెట్టుకోం.

నాన్నగారి ప్రశ్న

నడవవచ్చు. ఇక్కడ దాన్ని అమర్యాదగా ఎవరూ అనుకోరు. నేల రాళ్లలో పేర్లున్నవి ఎక్కువ భాగం 17, 18 శతాబ్దాలవి. లోపల పాతించుకోవడానికి డబ్బు కట్టాలి కాబట్టి కలవారివే. పైగా విక్టోరియన్లు నేల తిరిగి పరిచినప్పుడు చాలా రాళ్లను పక్కకి జరిపారు, అందువల్ల రాయి ఉన్నచోట కింద మనిషి ఉండాలని లేదు. అయినా కాలు మోపడానికి మనసొప్పకపోతే పక్క నుంచి వెళ్తే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. తొక్కకూడనిది మాత్రం ఒకటుంది: నేలలో పొదిగిన ఇత్తడి బొమ్మల పలకలు. బూట్ల ఇసుకకి గీతలు అరిగిపోతాయి. చాలా చోట్ల వాటి మీద కార్పెట్ కప్పుతారు. అడిగి, ఎత్తి చూసి, మళ్లీ కప్పండి.

అమ్మానాన్నలు ఇంకా ఇక్కడే ఉంటే మరో రెండు చోట్లకి తీసుకెళ్లండి. ఒకటి ఫెయిర్‌ఫర్డ్, బర్‌ఫర్డ్ నుంచి కారులో సుమారు అరగంట. జాన్ టేమ్ అనే ఉన్ని వ్యాపారి మొదలుపెట్టి ఆయన కొడుకు పూర్తి చేసిన చర్చి. 28 కిటికీల్లోనూ మధ్యయుగపు రంగు గాజు ఉంది. ఇంత పూర్తిగా మిగిలిన పారిష్ చర్చి ఇంగ్లండ్‌లో ఇంకోటి లేదు. 1703 తుపానులో పడమటి కిటికీ పైభాగం దెబ్బతింది, మిగతా వాటిలో చాలావరకు పాత గాజే. బర్‌ఫర్డ్ గోడలు బోసిపోకముందు జనం కళ్లకి ఏం కనిపించేదో అక్కడ తెలుస్తుంది. మధ్యాహ్నం తర్వాత వెళ్తే పడమటి వెలుతురుకి అంతిమ తీర్పు కిటికీ బాగుంటుంది.

రెండోది విడ్‌ఫర్డ్. బర్‌ఫర్డ్‌కి తూర్పున విండ్‌రష్ వాగు పక్కన పొలం మధ్యలో ఉంటుంది. ఊరు ఎప్పుడో పోయింది, చిన్న చర్చి ఒక్కటే మిగిలింది. లోపల గోడల మీద పాత చిత్రాలున్నాయి. మీరు ఇప్పుడు చదివినవన్నీ, పక్కవాటపు టార్చ్‌తో సహా, అక్కడ జనం గోల లేకుండా చేసి చూసుకోవచ్చు. వాన పడ్డ మరునాడు మాత్రం ఆ పొలం దారి బురద బురదగా ఉంటుంది, పెద్దవాళ్లకి మంచి బూట్లు వేయించండి. ఫోటోలు తీస్తే ఇక్కడ పెట్టండి, ఏ రాయి ఏ కాలానిదో నాకు తోచినంత చెప్తాను.